మీరే పంపారా, వాళ్లే లాగారా?

నిరుడు మా తోడల్లుడు పాత యాక్టివా కొనబోయాడు. సెకండ్ హ్యాండ్ సామాన్ల యాప్‌లో ఫొటో చూశాడు. 24 వేలు, ఒక్క గీత లేదు. అమ్మేవాడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో జవాన్నని, జమ్మూకి బదిలీ అయిందని చెప్పాడు. అడక్కముందే ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. బండి ఆర్మీ ట్రక్కులో ఇంటికే వస్తుందట, ముందు గేట్‌పాస్‌కి 2,150 కొట్టాలట. కొట్టగానే ట్రక్కెక్కిన బండి ఫొటో వచ్చింది. తర్వాత ఇన్సూరెన్స్ మార్పుకి 5,100. తర్వాత లేట్ ఫీజు 3,050. ఆఖర్న జీఎస్టీ అని 4,000. అడిగిన ప్రతిసారీ చివర ఒకటే మాట: ‘రిఫండబుల్ సార్’. నలభై నిమిషాల్లో 14,300 పోయాయి. ఆ కార్డులు అసలైనవే అయ్యుండొచ్చు. ఎవరో నిజమైన జవానువి, ఎక్కడో కొట్టేసినవి.

మాకు చెప్పింది మర్నాడు సాయంత్రం. ‘చదువుకున్నోణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను?’ అన్నాడు. ఆ నామోషీ ఖరీదెంతో కింద చూస్తారు.

అప్పట్నుంచి ఇలాంటి గొడవ ఎవరికొచ్చినా నాకు ఫోన్ చేస్తున్నారు. నేను తిరిగి అడిగేవి రెండే. డబ్బు మీరే పంపారా, వాళ్లే లాగారా? అమ్మింది వ్యాపారా, మామూలు మనిషా? ఏ చట్టం పనికొస్తుందో, ఏ గడప తొక్కాలో చాలావరకు ఈ రెండిటితోనే తేలిపోతుంది.

డబ్బు పోయిందని అర్థమైంది. మొట్టమొదట ఏం చేయాలి?

1930కి ఫోన్. స్టేషన్‌కి పరిగెత్తడం తర్వాత. బ్యాంకు తెరిచేదాకా ఆగడం వద్దే వద్దు. వాడికి ‘అన్నా, నా డబ్బులు ఇచ్చెయ్యి’ అని మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోవడం అంతకంటే దండగ.

1930 కేంద్ర హోంశాఖ ఏర్పాటు చేసిన సైబర్ మోసాల హెల్ప్‌లైన్. దేశమంతటికీ ఒకటే నంబరు. అది పనిచేసే తీరు తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. మీరు పంపిన డబ్బు మోసగాడి సొంత ఖాతాలో పడదు. కమిషన్‌కి ఆశపడి ఎవడో అద్దెకిచ్చిన ఖాతాలో పడుతుంది. అక్కణ్నుంచి ఇంకోటి, ఇంకోటి మారి, చివరికి ఏటీఎంలో నోట్లయి బయటికొస్తుంది. మీరు ఫోన్ చేయగానే ఆ ట్రాన్సాక్షన్ వివరాలు బ్యాంకుకి వెళ్తాయి. డబ్బు అప్పటికే పక్క బ్యాంకుకి జారిపోతే సమాచారమూ దాని వెంటే అక్కడికి పోతుంది. ఎక్కడ ఎంత మిగిలి ఉంటే అంత హోల్డ్‌లో పెడతారు. నోట్లయిపోయిన డబ్బుకి హోల్డ్ ఉండదు.

ఫోన్ చేసేటప్పుడు మీ ఖాతా వివరాలు, మొత్తం, టైము, ప్రతి చెల్లింపుకీ ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో హిస్టరీ తెరిచి ఆ చెల్లింపు మీద నొక్కితే కనిపిస్తుంది. నాలుగుసార్లు పంపితే నాలుగు నంబర్లూ చెప్పాలి. ఫిర్యాదు నంబరు వచ్చాక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్లో పూర్తి వివరాలు నింపాలి. లైను దొరక్కపోతే నేరుగా పోర్టల్లోనే పెట్టేయండి. మీ బ్యాంకు కస్టమర్ కేర్‌కీ అప్పుడే చెప్పి, ఆ ఫిర్యాదు నంబరు కూడా రాసుకోండి.

మా తోడల్లుడు 1930కి చేసేసరికి ఒక రోజు దాటింది. నాలుగు చెల్లింపుల్లో చివరి 4,000 మాత్రమే ఒక ఖాతాలో ఇంకా కదలకుండా ఉంది.

నా ఖాతాలోంచి పోయింది కదా, బ్యాంకు ఇవ్వాలి కదా?

ఇక్కడే నా మొదటి ప్రశ్న. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీకు తెలియకుండా, మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి ఎవరో డబ్బు లాగేస్తే, తప్పు మీదీ బ్యాంకుదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 3 పనిదినాల్లోపు మీరు ఫిర్యాదు చేస్తే మీ నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెప్తే మీ వాటా ఒక పరిమితి వరకే. ఆ తర్వాతైతే బ్యాంకు సొంత విధానం ఎలా ఉంటే అలా. తప్పు బ్యాంకుదే అయితే ఈ గడువుల గొడవే లేదు. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో వేయాలి. కస్టమర్‌దే తప్పని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే.

మాయమాటలు నమ్మి మీరే పిన్ కొట్టి పంపితే మాత్రం బ్యాంకు దృష్టిలో అది మీరు చేసిన చెల్లింపే. మోసం మోసమే, నేరం నేరమే. కానీ ఆ 2017 రక్షణ దానికి వర్తించదు. ఓటీపీ చెప్పేసిన వాళ్లకి మరో మెలిక ఉంది. ఫిర్యాదు చేసేదాకా పోయింది మీది, చేశాక పోయేది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు చేసిన నిమిషం కూడా లెక్కలోకి వస్తుంది.

నా మటుకు నాకు ఈ గీత అన్యాయంగానే అనిపిస్తుంది. కత్తి చూపించి జేబులో డబ్బు తీయించినా తీసి ఇచ్చింది మన చెయ్యే కదా! కానీ ఉన్న నియమం ఇది. దీన్ని తెలుసుకుని పోరాడటం వేరు, బ్యాంకు కౌంటర్ ముందు కేకలేయడం వేరు.

మీ కేసు ‘వాళ్లే లాగారు’ రకానిదై, బ్యాంకు ఫిర్యాదు తోసిపుచ్చినా, 30 రోజులైనా పలక్కపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. పైసా ఖర్చు లేదు.

నేను అమ్మేవాణ్ణి. కొనేవాడు ‘స్కానర్ పంపాను, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుంది’ అంటున్నాడు.

పడదు, పోతుంది. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. స్కాన్ చేశాక పిన్ అడిగిందంటే అది చెల్లింపే. మనుషుల మధ్య డబ్బు అడుగుతూ పంపే ‘రిక్వెస్ట్’ సౌకర్యాన్ని 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేయించింది, ఎందుకంటే మోసగాళ్లకి అది బాగా అచ్చొచ్చింది. స్కాన్ కోడ్ మాత్రం ఉంది కదా, ఆట దాంతో నడుస్తోంది. పేమెంట్ అయిందంటూ పంపే స్క్రీన్‌షాట్‌నీ, ఎస్సెమ్మెస్‌నీ కూడా నమ్మొద్దు. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూశాకే వస్తువు చేతిలో పెట్టండి.

యాప్‌లో చూసి ఒకాయన దగ్గర పాత ఫ్రిజ్ కొన్నా. వారానికే ఆగిపోయింది. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా?

ఆయన తన ఇంటి ఫ్రిజ్ అమ్ముకున్న మామూలు మనిషైతే ఆ దారి పనికిరాదు. వినియోగదారుల చట్టం వ్యాపారికీ కొనుగోలుదారుకీ మధ్య వ్యవహారం చూసేది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలైతే ఈ సంగతి విడమరిచే చెప్పాయి: క్రమం తప్పకుండా వ్యాపారంగా చేయని, వ్యక్తిగత హోదాలో చేసే అమ్మకాలకి అవి వర్తించవు. అదే మనిషి నెలకి పది ఫ్రిజ్‌లు అమ్ముతుంటే అతను వ్యాపారి, బోర్డు లేకపోయినా సరే. ప్రొఫైల్లో మిగతా ప్రకటనలు చూస్తే ఈ విషయం బయటపడుతుంది, వాటిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మామూలు మనిషైతే మిగిలేది సరుకుల అమ్మకాల చట్టం. అది వచ్చిన సంవత్సరం కూడా 1930, కాకతాళీయంగా. దాని ధోరణి మొత్తమ్మీద ‘చూసి కొనుక్కో నాయనా’ అనే. కానీ ప్రకటనలో రాసిన వర్ణనకి వస్తువు సరిపోవాలని కూడా అదే చట్టం అంటుంది. ‘డబుల్ డోర్, 2022 మోడల్’ అని రాసి 2014ది అంటగడితే మీకు పట్టు దొరికినట్టే. సివిల్ కోర్టులో తేల్చుకోవాలి.

పోలీసులు ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపించేసేది కూడా ఇలాంటివాటినే. ఒక్కోసారి వాళ్లన్నది నిజమే. మోసం అనాలంటే మొదట్నుంచే దగా చేసే ఉద్దేశం ఉండాలి. లేని ఫ్రిజ్‌కి అడ్వాన్స్ తీసుకుని నంబరు బ్లాక్ చేస్తే అది నేరం. ఉన్న ఫ్రిజ్ చెడిపోతే అది తగాదా.

ఇన్‌స్టాగ్రామ్‌లో చీర తెప్పించుకున్నా. వేరే చీర వచ్చింది. ‘నో రిటర్న్, నో ఎక్స్చేంజ్, అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే కుదరదు’ అంటోంది అమ్మినావిడ.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో నూటికి తొంభై మంది ‘పోన్లెండి అన్నా, తొమ్మిది వందలే కదా’ అని వాళ్లే ముగించేస్తారు.

రోజూ లైవ్ పెట్టి చీరలు అమ్మే ఆవిడ వ్యాపారి. దుకాణం వాట్సాప్‌లో ఉన్నా, ఇంటి హాల్లో ఉన్నా తేడా లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు డబ్బు తిరిగివ్వాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కింద తప్పే. ‘నో రిటర్న్’ అని పేజీ పైన రాసుకున్నంత మాత్రాన చట్టం పక్కకి తప్పుకోదు. అయితే చూపించిందే వచ్చాక రంగు నచ్చలేదంటే మాత్రం ఇదేదీ అక్కరకు రాదు.

అన్‌బాక్సింగ్ వీడియో తప్పనిసరని ఏ చట్టంలోనూ లేదు. అది ఆవిడ పెట్టుకున్న షరతు. కానీ సాక్ష్యంగా చూస్తే అంత మంచిది ఇంకోటి లేదు. ప్యాకెట్ మీది అడ్రస్ చీటీ కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, చీర మడత విప్పి చూపించేదాకా తీయండి.

ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. తెలుగులో మాట్లాడొచ్చు. చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, అంటే కన్స్యూమర్ కోర్టు. సూరత్‌లో ఉన్న దుకాణం మీద కూడా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఈ చట్టంలో కొనేవాడికి దక్కిన అన్నిటికంటే పెద్ద వెసులుబాటు ఇదే. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. అవతలి పార్టీ పేరు, చిరునామా మాత్రం కావాలి. ఉత్త ఇన్‌స్టా ఐడీ మీద కేసు నడవదు. డబ్బు కొట్టకముందే జీఎస్టీ నంబరో, దుకాణం చిరునామానో అడిగి చూడండి. అడిగినందుకు విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

యాప్ వాళ్లు ‘మేం మధ్యవర్తులం, మాకేం సంబంధం లేదు’ అంటున్నారు. నిజమా?

సగం నిజం. ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులకి గొడుగు పడుతుంది, కానీ షరతులతో. డబ్బు తమ ద్వారా తీసుకుని సరుకు అందించే పెద్ద సైట్ల మీద ఈ-కామర్స్ నియమాల బరువు బాగానే ఉంది: గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, నంబరు కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. రాతపూర్వకంగా అడిగితే అమ్మినవాడి వివరాలివ్వాలి. చాట్‌లోని మరబొమ్మతో వాదించి అలసిపోయేకంటే ఆ ఆఫీసర్‌కి ఒక్క మెయిల్ పెట్టండి.

‘యాప్‌లో వద్దు, వాట్సాప్‌కి రండి, నేరుగా కొట్టండి, వెయ్యి తగ్గిస్తా’ అన్నవాడి మాట విన్నారంటే ఈ నియమాల రక్షణలోంచి మీరే బయటికొచ్చేసినట్టే.

‘వాడు రాజస్థాన్‌లో ఉన్నాడు, మా పరిధి కాదు’ అని స్టేషన్‌లో అన్నారు.

అనకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దాన్నే. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు, కాకపోతే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫోన్లతో, మెసేజ్‌లతో చేసిన మోసాన్ని ఆ మెసేజ్ అందుకున్న ఊళ్లో కూడా విచారించొచ్చు. మన పోలీసులు భరత్‌పూర్ దాకా వెళ్లి ఇలాంటివాళ్లని పట్టుకొచ్చిన సందర్భాలున్నాయి.

అప్పటికీ తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, హైదరాబాద్, విజయవాడ లాంటి చోట కమిషనరేట్‌కి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్. పడే సెక్షన్లు మామూలుగా భారతీయ న్యాయ సంహిత 318(4), అంటే పాత 420, ఏడేళ్ల దాకా శిక్ష. దాంతోపాటు ఐటీ చట్టం 66డి, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 1930కి చేసినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ అయిపోయిందనుకోవద్దు, అయిందో లేదో అడిగి తెలుసుకోవాలి.

వాడు బ్లాక్ చేశాడని కోపంలో చాట్ డిలీట్ చేశా. పర్వాలేదా?

పర్వా ఉంది. సాక్ష్యం అదే. స్క్రీన్‌షాట్లు తీసి ఊరుకోకుండా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి, ఫోన్ మార్చేయకండి. కోర్టులో డిజిటల్ సాక్ష్యం చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని తేలిక. యాప్‌లో ప్రకటన కూడా మాయమయ్యేలోపే దాని లింకు, ఫొటోలు, ధర దాచుకోండి.

పాత ఫోనో బండో కొన్నాక అది దొంగసొత్తని తేలితే?

పోయినట్టే. తనది కానిదాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు, కాబట్టి మీరు సొమ్ము పోసి కొన్నా అది మీది కాదు. పోలీసులు తీసుకెళ్తారు. తెలియక కొన్నారని చూపించగలిగితే నేరం మీ మీదికి రాదు. అందుకు బిల్లు, అమ్మినవాడి గుర్తింపు, బ్యాంకు చెల్లింపు కావాలి. సగం ధరకి చీకట్లో నగదిచ్చి కొని ‘నాకు తెలియదు’ అంటే నమ్మేవాళ్లు తక్కువ.

ఫోన్ అయితే *#06# నొక్కండి, ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి ఎస్సెమ్మెస్ చేయండి. దాన్ని బ్లాక్ చేసుంటే తెలిసిపోతుంది. సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. అమ్మేవాడు ఎదురుగా ఉండగానే చేయండి. మొహమాటపడాల్సిందేం లేదు.

బండి అయితే పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ, ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్స్ చూడాలి. ఇక్కడ అమ్మేవాళ్లకి ఓ మాట. అమ్మిన 14 రోజుల్లో మీరు, 30 రోజుల్లో కొన్నవాడు ఆర్టీవోకి తెలపాలి. రికార్డుల్లో పేరెవరిదైతే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు చేతిలో పెట్టి ‘నువ్వే మార్పించుకో తమ్ముడూ’ అని వదిలేసే పెద్దమనుషులు మన దగ్గర ఎక్కువ.

నేను ఫోన్ అమ్మాను, డబ్బు నిజంగానే పడింది. వారం తర్వాత నా ఖాతా ఫ్రీజ్ అయింది. నా తప్పేంటి?

తప్పేం ఉండకపోవచ్చు. మీ దగ్గర కొన్నవాడు ఎవరినో మోసం చేసిన డబ్బు మీకు పంపాడు, ఆ బాధితుడు 1930కి చేశాడు, గొలుసులో మీ ఖాతా తగిలింది. బ్యాంకులో అరవడం వల్ల లాభం లేదు. ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు మీద ఆపారో రాతలో తీసుకోండి. ఆ దర్యాప్తు అధికారికి అమ్మిన ఫోన్ తాలూకు బిల్లు, చాట్, కొన్నవాడి వివరాలు పంపండి. గొడవలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపి, మిగతా ఖాతా వదలమని అడగండి. వాళ్లు పలక్కపోతే లాయరుతో మాట్లాడి కోర్టు దారి చూసుకోవాలి. జీతం పడే ఖాతాకి తెలియనివాళ్ల డబ్బు రానివ్వకపోవడం మేలు.

హోల్డ్‌లో ఉన్న డబ్బు దానంతటదే వస్తుందా?

రాదు, అడగాలి. సాధారణంగా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో విడుదలవుతుంది, నాగరిక్ సురక్షా సంహితలో 503వ సెక్షన్. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా ఇప్పిస్తున్నాయి. మా తోడల్లుడి 4,000 అలాగే వచ్చాయి, ఏడు నెలలకి. మిగతా 10,300 సంగతి ఇంక ఎవరూ ఎత్తలేదు.

ఈలోపు ‘మీ డబ్బు రికవర్ చేసి పెడతాం, ప్రాసెసింగ్ 1,500’ అని ఫోన్ వస్తుంది. అది రెండో విడత మోసం. ఫిర్యాదుకీ, రికవరీకీ పోలీసులు ఫీజు తీసుకోరు.

ఎవరూ ఆర్డర్ పెట్టని పార్సెల్ క్యాష్ ఆన్ డెలివరీలో వచ్చింది. తీసుకోవాలా?

అక్కర్లేదు. తిప్పి పంపేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి, ‘పిల్లలు పెట్టుంటారులే’ అని డబ్బు కట్టొద్దని ముందే చెప్పి ఉంచండి.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు. ఎవరో ఫ్లాట్ అద్దెకిస్తామంటే జెల్ (Zelle) అనే పేమెంట్ సర్వీసులో డిపాజిట్ పంపి మోసపోయాడు. 1930 పనిచేస్తుందా?

అమెరికా ఖాతాకి పనిచేయదు. తన బ్యాంకుకి వెంటనే చెప్పి, ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 పోర్టల్లో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేయాలి. అక్కడా అదే ప్రశ్న: నువ్వే పంపావా, వాళ్లే లాగారా?

తొమ్మిది వందలకి ఇంత తతంగం ఎందుకు?

మీ తొమ్మిది వందలు రాకపోవచ్చు. కానీ వాడి నంబరు, యూపీఐ ఐడీ సైబర్‌క్రైమ్ పోర్టల్లోకి ఎక్కుతాయి. ‘సస్పెక్ట్ సెర్చ్’ అనే చోట ఫోన్ నంబరో ఖాతా నంబరో కొడితే ఇంతకుముందు ఫిర్యాదులున్నాయో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. మా తోడల్లుడు తన జవాను నంబరు అక్కడ కొట్టి చూశాడు, డబ్బు పోయిన వారానికి. ఉంది.

ఒక్క పని మాత్రం ఈ పేజీ తిప్పకముందే చేయండి. 1930ని ఫోన్లో సేవ్ చేసుకోండి, మీదాంట్లో, అమ్మానాన్నల దాంట్లో కూడా. ‘సైబర్ హెల్ప్‌లైన్’ అని కాదు, ఆ కంగారులో ఆ పేరు గుర్తురాదు. ‘డబ్బు పోయింది’ అని సేవ్ చేయండి.